తిరిగొచ్చిన ట్రాక్టర్

నవంబర్ 18, 2024. సోమవారం

నేను చేసిన బొమ్మ ట్రాక్టర్ ఒకటి వెనక్కి వచ్చింది. చేతిలోకి తీసుకోగానే భయం వేసింది. ఎందుకో రాసి చూసుకుంటే తప్ప నాకే అర్థమయ్యేలా లేదు.

పొద్దున కాఫీ పళ్ల తొక్క తీసే పల్పింగ్ యూనిట్‌లో పనిలో ఉండగా అరకు కొరియర్ ఆఫీసు నుంచి ఫోన్. నాగపూర్ పంపిన పార్సిల్ రిటర్న్ అయిందట. అక్కడ ఆ పేరు గల మనిషే లేడట. నేను నాగపూర్ ఏమీ పంపలేదన్నాను. "ఫ్రం అడ్రస్ మీదే మేడం, నంబరూ మీదే. బుక్ చేసింది మీ తమ్ముడే కదా, ఎప్పుడూ ఆయనే వస్తాడు" అన్నాడు కౌంటర్‌లో మనిషి. కామేష్ మొన్నటి నుంచి ఊళ్లో లేడు. నేనే షేర్ జీపెక్కి వెళ్లి తెచ్చుకున్నాను.

డబ్బా నాదే. 'రత్న ట్రాక్టర్స్, డుంబ్రిగుడ' అని ప్రింట్ చేయించుకున్న స్టిక్కర్, కింద నా ఫోన్ నంబర్. లోపల ఎర్ర ట్రాక్టర్, 1:16 స్కేల్, అసలు బండిలో పదహారో వంతు, వెనక ట్రాలీ. ఆగస్టులో లక్ష్మణరావు గారికి చేసిచ్చిన వాటిలో ఒకటి. బానెట్‌కి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ నేను దారంతో అల్లిందే. సీటు మీది తువ్వాలు నా పాత లంగా అంచు. మడ్‌గార్డుల మీద మట్టి మా పొలం గట్టుది, అమ్మ చీరలో జల్లించి మ్యాట్ వార్నిష్‌లో కలిపి కొట్టాను.

అన్నీ నేను చేసినవే. బరువు మాత్రం నేను చేసింది కాదు.

టైర్లు నేను సిలికాన్ అచ్చులో పోస్తాను. లోపల బోలుగా ఉంచుతాను, లేకపోతే కొరియర్ చార్జీలు భరించలేం. ఇన్నేళ్లుగా చేస్తున్నదాన్ని, నా ట్రాక్టర్ ఎంత తూగుతుందో నా అరచేతికి తెలుసు. ఇది ఆ తూకం కాదు.

లక్ష్మణరావు గారు మిరియాలూ పసుపూ కొనే సావుకారు. శృంగవరపుకోట వైపు నుంచి వచ్చి అరకులో షాపు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. నాన్న ఆఖరి రోజుల్లో విశాఖ తీసుకెళ్లడానికి కారు పంపిన మనిషి. ఈ ఏడాది నా ట్రాక్టర్లు వరసగా కొంటున్నారు. షోరూముల వాళ్లకి గిఫ్టులు ఇస్తానన్నారు. ప్యాకింగ్ తమ దగ్గరే చేయిస్తామన్నారు. నా స్టిక్కర్ ఉన్న డబ్బాలు కూడా అడిగి తీసుకున్నారు, నీకు పబ్లిసిటీ అన్నారు. నేను సంబరపడ్డాను.

డబ్బా మంచం కిందకి తోశాను. రేపు చూస్తాను.

నవంబర్ 19. మంగళవారం, మధ్యాహ్నం

అమ్మ పొలానికి వెళ్లాక తలుపు గడియ పెట్టాను. వెనక టైరు తీసి వెలుగులో తిప్పి చూశాను. నేను అతికించిన అతుకు పక్కన ఇంకో అతుకు ఉంది. నల్ల రంగు పూసి కప్పారు. రంగు నాది కాదు, మెరుస్తోంది.

బ్లేడుతో కోశాను. లోపల పాలిథీన్ పొట్లం, గుండ్రంగా టైరు వంపుకి సరిపడా నొక్కి పెట్టారు. పొట్లంలో నల్లగా, తారులా, జిగటగా. పొట్లం విప్పక ముందే వాసన వచ్చింది. ఇక్కడ పుట్టినవాళ్లకి ఆ వాసన ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. గంజాయి ఆకు కాదు, ఆయిల్. బస్తాలు మోస్తే చెక్‌పోస్టుల్లో దొరికిపోతున్నారని ఇప్పుడందరూ ఆయిలే తీస్తున్నారని విన్నాను. వినడం వేరు.

రెండో టైరులోనూ ఉంది. ట్రాలీ అడుగున కూడా ఉండే ఉంటుంది, విప్పలేదు.

ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా వాసన పోవడం లేదు. అంతా తిరిగి డబ్బాలో పెట్టి చోళ్ల డ్రమ్ములో గింజల అడుక్కి దించేశాను. ఒకటి వెనక్కి వచ్చింది. మిగతావన్నీ వెళ్లి చేరాయి. ప్రతి డబ్బా మీదా నా పేరు.

అమ్మ వచ్చి నా ముఖం చూసి జ్వరమా అని అడిగింది. అవునన్నాను.

నవంబర్ 20. బుధవారం

కామేష్ ఇంటికొచ్చాడు. అడగలేదు.

నవంబర్ 22. శుక్రవారం, సాయంత్రం

ఇవాళ కూడా అడగలేదు. వాడు అన్నం తింటుంటే ఎదురుగా కూర్చున్నాను. కొత్త ఫోన్ చూసుకుంటూ నవ్వుకుంటున్నాడు. ఆ ఫోన్ ఎక్కడిదని దీపావళికి అడిగితే సావుకారు దగ్గర జీపు తోలినందుకు ఇచ్చాడన్నాడు. నమ్మాను. వాడికి తెలియకపోతే అడిగి భయపెట్టినదాన్నవుతాను. తెలిసి ఉంటే ఏం చేయాలో నాకు తెలియదు. అందుకే అడగడం లేదు.

పోలీసుల దగ్గరికి వెళ్లాలని ఒక్కసారి కూడా అనిపించలేదా అంటే, అనిపించింది. వెంటనే గాసి మామ గుర్తొచ్చాడు.

గాసి మామ అమ్మకి తమ్ముడు. నేను ఇంటర్ చదివే రోజుల్లో షేర్ జీపులో వస్తూ ఎవడో పెట్టమన్న సంచి కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. చెక్‌పోస్టుకి ముందు మలుపులో ఆ సంచి మనిషి దిగిపోయాడు. మామ దిగలేదు. కేసు చివరికి కొట్టేశారు, కానీ ఆ చివర వచ్చేసరికి ఏళ్లు గడిచాయి. మామ లోపల ఉండగానే అత్త పోయింది. ఇప్పటికీ మామ సంతకి వెళ్లాలంటే పోలీస్ స్టేషన్ ముందు నుంచి నడవడు. వాగు దాటి, చేల గట్ల మీదుగా చుట్టూ తిరిగి వెళ్తాడు.

సంచి మోసినందుకే అలా అయితే, నా పేరు స్టిక్కరేసి మరీ పంపినదాన్ని నేను.

నవంబర్ 23. శనివారం

లక్ష్మణరావు గారి ఫోన్. మిరియాల ధర, చలి, అమ్మ మోకాలి నొప్పి, అన్నీ అడిగారు. తర్వాత మామూలుగానే అడిగారు. "ఏటమ్మా రత్నా, మన పార్సిల్ ఒకటి తిరిగొచ్చీసిందట. నీ కాడికొచ్చిందేటి?"

అబద్ధం ఆడదామనుకున్నాను. కొరియర్ వాళ్లు చెప్పే ఉంటారని ఆ క్షణంలోనే తట్టింది. వచ్చిందన్నాను. మూల నలిగిందని, మడ్‌గార్డు రంగు లేచిందని, సరిచేసి ఇస్తానని చెప్పాను. విప్పావా అని అడగలేదు.  "నువ్వెందుకమ్మా శ్రమ పడతావు. అలాగే ఉంచు. బుధవారం నేనొస్తాను" అన్నారు.

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే బ్లౌజు వీపంతా తడిసిపోయింది. బయట చలికి కుక్కలు పొయ్యిలో పడుకుంటున్నాయి.

నవంబర్ 26. మంగళవారం

టైరు కోశానని తెలియకూడదు. అదొక్కటే పని. యూనిట్‌కి సెలవు పెట్టి పనిబల్ల దగ్గరే కూర్చున్నాను.

రెండు టైర్లూ కొత్తగా పోశాను. కొత్త టైరు ఎప్పుడూ మెరుస్తుంది. పాతది మెరవదు, అన్ని ఊళ్లు తిరిగొచ్చింది. పొయ్యి బూడిద రుద్దాను, వాగు రాయితో గీశాను, గట్టు మట్టి గాడుల్లోకి కుక్కాను. పొట్లాలు యథాప్రకారం లోపల పెట్టాను. వాళ్లు వేసిన దొంగ అతుకు కూడా నేనే వేయాల్సి వచ్చింది. వాళ్లు ఎంత మోటుగా వేశారో అంత మోటుగా వేశాను. నా జీవితంలో ఇంత బాగా ఏ ట్రాక్టరూ చేయలేదు.  

కోసిన పాత టైర్లు కాల్చేద్దామని పొయ్యి దాకా తీసుకెళ్లాను. కాల్చలేకపోయాను. లోపలి నల్ల మరక అలాగే ఉంది. గుడ్డలో చుట్టి పశువుల పాకలో, తాటాకు కప్పులోకి దోపాను. ఎందుకు దాచానో నన్నడిగితే చెప్పలేను.

నవంబర్ 27. బుధవారం

వచ్చారు. అమ్మ టీ ఇచ్చింది. తాగారు. డబ్బా విప్పి ట్రాక్టర్ని రెండు చేతుల్లోకి తీసుకుని పసిపిల్లని ఎత్తినట్టు కొంచెం పైకీ కిందకీ ఆడించి చూశారు. బరువు చూస్తున్నారని నాకు తెలుసు. నాకు తెలుసన్నది ఆయనకి తెలియకూడదని గోడకున్న క్యాలెండర్ కేసి చూస్తూ నిలబడ్డాను.

నవ్వారు. "నీ సేతిలో ఏదో ఉందమ్మా" అన్నారు.

ఇంకో పది కావాలన్నారు. ట్రాలీలు ఈసారి పెద్దవి, అడుగున రెండు పొరలుగా, మధ్యలో ఖాళీ ఉంచి, స్క్రూలతో. లైట్లకి బ్యాటరీలు పెట్టించుకుంటారట. "టైర్లు మాత్రం ఎప్పట్లాగే బోలుగా ఉండాల. బరువుండకూడదు" అన్నారు.

వచ్చే నెలాఖరులోపు ఇస్తానన్నాను. నా గొంతే అంది.

డిసెంబర్ 1. ఆదివారం

అడిగేశాను.

కామేష్ వాగు దగ్గర బైక్ కడుగుతున్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. టైర్లలో ఏముందో నీకు తెలుసా అన్నాను. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఒడియా. అందులోనే అడిగాను. వాడు తెలుగులో జవాబిచ్చాడు, పరాయివాళ్లతో మాట్లాడినట్టు.

"నువ్వు బొమ్మలు సేత్తన్నావు. నేను పార్సిల్ ఎత్తన్నాను. మద్దెనేటి ఉన్నాదో మనకెందుకే."

తెలుసా, తెలియదా అని మళ్లీ అడిగాను.

"తెలుసు."

చేతిలో గుడ్డ నీళ్లలో పడేసి గట్టు మీద కూర్చున్నాడు. అప్పుడు ఒడియాలోకి వచ్చాడు. మొదట్లో తెలియదట. ఓ రోజు ప్యాకింగ్ జరుగుతుంటే చూశాడట. ఇక రానని చెబితే సావుకారు కోప్పడలేదట. కూర్చోబెట్టి భోజనం పెట్టాడట. కొరియర్ బుకింగులన్నీ నీ ఆధార్ మీదే ఉన్నాయిరా, డబ్బాల మీద మీ అక్క పేరుంది, మధ్యలో నేనెక్కడున్నాను, నువ్వే చెప్పు అన్నాడట.

వాడు మాట్లాడుతుంటే నా చూపు వాడి మెడ మీదే ఉంది. చిన్నప్పుడు కందిరీగలు కుట్టిన మచ్చ. ఇరవై నాలుగేళ్ల మగాడు, మెడ మాత్రం ఇంకా పిల్లాడిదే.

అమ్మకి చెప్పొద్దన్నాడు. సరేనన్నాను.

డిసెంబర్ 5. గురువారం

పని మొదలుపెట్టలేదు. ఇంజిన్ బ్లాకులు, స్టీరింగులు, సీట్లు అన్నీ బల్ల మీద పరిచి కూర్చుంటున్నాను. చేతులు రావడం లేదు.

షెల్ఫ్‌లో నా కలెక్షన్ చూస్తూ ఉండిపోతున్నాను. బురదలో దిగబడకుండా ఇనుప కేజ్ వీల్స్ వేసిన దమ్ము ట్రాక్టర్. రోటావేటర్ తగిలించిన నీలం బండి. నరసన్నపేట డ్రైవర్ ఒకాయన తన బండి అమ్ముకుంటూ, అమ్మే ముందు రోజు ఫోటోలు పంపి చేయించుకున్నాడు, అలాంటిదే ఇంకొకటి నాకోసం చేసుకున్నాను. అన్నిటికన్నా పైన నాన్న సంతలో కొన్న తగరపు ట్రాక్టర్. నాన్న డ్రైవర్. అద్దె ట్రాక్టర్ తోలేవాడు, సొంతది ఎప్పుడూ లేదు. నాకు ఇది కొనిచ్చి మనకీ ఒకటి ఉందిలే అనేవాడు.

ఇప్పుడు ఏ టైరు చూసినా లోపల ఏదో ఉన్నట్టే అనిపిస్తోంది.

డిసెంబర్ 9. సోమవారం

ఈ పొద్దున్న ఒక ఆలోచన వచ్చింది. ఖాళీ లేకపోతే ఏం పెడతారు?

డిసెంబర్ 18. బుధవారం

పదీ అయిపోయాయి. టైర్లలో రెసిన్ నిండా పోశాను, వాగు ఇసుక కలిపి. సూది దిగదు. ట్రాలీ అడుగున రెండు పొరల మధ్య కూడా పోసేశాను. స్క్రూలు పెట్టాను, అవి దేన్నీ విప్పవు.

పైకి మాత్రం ఏ లోటూ చేయలేదు. హెడ్‌లైట్లకి గాజు, సైలెన్సర్‌కి మసి, డ్రైవర్ కాలు ఆనే చోట పెయింట్ అరగదీయడం, అన్నీ చేశాను. ఎలాగూ తెలిసిపోతుంది కదా, ఎందుకింత శ్రమ అనుకున్నాను. చెయ్యి ఒప్పుకోలేదు.

ఆయనకి కోపం వస్తుంది, పని చేతకాదని నన్ను వదిలేస్తారు, వేరే దారి చూసుకుంటారు. నా లెక్క అదీ. కామేష్‌కి చెప్పలేదు.

డిసెంబర్ 20. శుక్రవారం, మధ్యాహ్నం

ఇంకో మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ మనిషి చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

లక్ష్మణరావు గారు మొదటి ట్రాక్టర్ ఎత్తారు. దించారు. రెండోది ఎత్తారు. బొటనవేలితో టైరు నొక్కి చూశారు. మిగతావి ముట్టుకోలేదు.

"బాగా బరువుగా సేసినావు రత్నమ్మా."

బోలుగా పోస్తే పగిలిపోతున్నాయి సావుకారు గారూ అన్నాను. ముందే అనుకున్న మాట. 

ఆయన నన్ను చాలాసేపు చూశారు. కోప్పడతారని ఎదురుచూశాను. కోప్పడితే బాగుండేది. లేచి షెల్ఫ్ దగ్గరికి వెళ్లి ఒక్కొక్క ట్రాక్టరూ చూశారు. నాన్న ఫోటోకి దండం పెట్టారు. అమ్మ టీ తెస్తే, మోకాలు ఎలా ఉంది ముత్యాలమ్మా అని అడిగారు. అమ్మ ఫరవాలేదంది. "పొలానికి రోజూ నువ్వొక్కర్తివే ఎల్తావేటి? ఆ జీడితోట పక్క దారినేనా?" అమ్మ అవునని నవ్వుతూ చెప్పింది. ఏ వేళకి వెళ్తుందో, ఏ వేళకి వస్తుందో కూడా చెప్పింది. నేను వింటూ నిలబడ్డాను.

ట్రాక్టర్లు పదీ అక్కడే వదిలేశారు. పిల్లలకి పంచిపెట్టమన్నారు.

డిసెంబర్ 21. శనివారం

అమ్మతో పాటు పొలానికి వెళ్లాను. ఎందుకని అడిగింది. ఊరికే అన్నాను. జీడితోట దాటే దాకా వెనక్కి చూస్తూనే నడిచాను.

డిసెంబర్ 22. ఆదివారం

కామేష్ పెదవి చిట్లి వచ్చాడు. ఎడమ కన్ను మూసుకుపోయింది. ఘాట్‌లో బైక్ జారిందని అమ్మకి చెప్పాడు. అమ్మ పసుపు నూరి పెట్టింది.

తర్వాత పెరట్లో నాతో అన్నాడు. "ఏటి సేసినావే అక్కా. నాకొక మాట సెప్పకుండా ఏటి సేసినావు." అరవలేదు. అరిచే ఓపిక కూడా లేదు.

బొమ్మల పని అయిపోయిందట. బుధవారం వాడే స్వయంగా బ్యాగు తీసుకుని రైలెక్కాలట. క్రిస్మస్ రద్దీ, ఎవరూ చూడరట. వెళ్లనంటే ఏమవుతుందని అడిగాను. అమ్మ పొలం దారి గురించి సావుకారు తనకి కూడా చెప్పాడన్నాడు.

నేను ఖాళీ పూడ్చేశాననుకున్నాను. ఆ ఖాళీలోకి వీణ్ని తోశారు.

డిసెంబర్ 23. సోమవారం

గాసి మామ దగ్గరికి వెళ్లాను. మామ మేకలకి ఆకు కోస్తున్నాడు. అంతా చెప్పాను, మొదటిసారి ఒక మనిషికి అంతా చెప్పాను. మామ కత్తి పక్కన పెట్టి నేల చూస్తూ విన్నాడు.

సరుకుతో దొరికితే ఎన్నేళ్లు అని అడిగాను.  తను లోపల ఉన్నప్పుడు కొన్నాళ్లకి అత్త ముఖం గుర్తుకు రావడం మానేసిందన్నాడు. ఎంత తలుచుకున్నా చీర రంగే కనబడేదట, ముఖం ఉండేది కాదట. ఆవిడ పోయిందని కబురొచ్చినప్పుడు ఏడవడానికి కూడా ముఖం దొరకలేదన్నాడు.

తర్వాత, పోలీస్ స్టేషన్‌కి రేపు వెళ్దామన్నాడు. నువ్వు రావద్దు మామా, నేనొక్కదాన్నే వెళ్తానన్నాను. "ఒక్కర్తివి ఎల్తే నాలాగే ఇరుక్కుపోతావు. ఇద్దరం ఎల్దాం, బేగి ఎల్దాం" అన్నాడు. చేతులు వణుకుతుంటే ఒళ్లో దాచుకున్నాడు.

డిసెంబర్ 24. మంగళవారం, ఉదయం

పాకలోంచి కోసిన టైర్లు తీశాను. గుడ్డతో సహా సంచిలో పెట్టుకున్నాను. కామేష్ నిద్రపోతున్నాడు. వాచిన కన్ను కిందకి పెట్టి, నోరు తెరుచుకుని. చెప్పలేదు. చెబితే ఆపుతాడు, లేకపోతే పారిపోతాడు. పారిపోతే సావుకారు మనుషులు అమ్మ జోలికి వస్తారు.

ఇంకా వెళ్లలేదు. చెప్పులు వేసుకుని కూర్చుని ఇది రాస్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

రాయాలి. రాయకపోతే రేపటికి నేనే మార్చి చెప్పుకుంటాను.

మామ రోడ్డు మీద నుంచే నడిచాడు. స్టేషన్ గేటు కనబడగానే ఆగి, ఒక పక్కకి వెళ్లి వాంతి చేసుకున్నాడు. కుళాయి దగ్గర నోరు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుని, పద అన్నాడు.

ఎస్.ఐ. మేడమ్ నా కన్నా చిన్నది, ఇరవై ఎనిమిది ఉంటాయేమో. టైర్లు కాగితం మీద పెట్టించి, వాసన చూసి, తలుపు వేయించింది. మొదటి నుంచి చెప్పమంది. కామేష్ పేరు లేకుండా చెప్పడానికి ప్రయత్నించాను. రెండుసార్లు ఆగిపోయాను. మేడమ్ పెన్ను కింద పెట్టింది. "పార్సిల్ ఎవరు బుక్ చేశారో చెప్పకుండా ఈ విషయం ముందుకెళ్లదండీ" అంది.

మా తమ్ముడు అన్నాను.

వాణ్ని వదిలేస్తారా అని అడిగాను. మాట ఇవ్వలేనంది. "బ్యాగుతో రైల్లో దొరకడం కంటే ఈ రోజు ఇంటి దగ్గర దొరకడం మేలు. నేను నిజంగా చెప్పగలిగింది అంతే." అబద్ధం చెప్పి ఊరడించనందుకు ఆవిడ మీద కోపం రాలేదు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

మేము ఇల్లు చేరిన కాసేపటికే జీపు వచ్చింది. కామేష్ పెరట్లో ముఖం కడుక్కుంటున్నాడు. పోలీసుల్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.  అర్థమైపోయింది. తువ్వాలు తీగ మీద ఆరేసి, చొక్కా తొడుక్కుని వచ్చాడు. బొత్తాలు తప్పు పెట్టుకున్నాడు. సరిచేద్దామని చెయ్యి చాపాను. పక్కకి తప్పుకున్నాడు.

కొత్తవి పదీ తీసుకెళ్లారు. షెల్ఫ్‌లో ఉన్నవన్నీ తీసుకెళ్లారు, అచ్చులూ స్టిక్కర్లూ కూడా. అన్నీ టెస్ట్ చేయించాలట. నాన్న కొన్న తగరపుది వదిలేయమని అడిగాను. కానిస్టేబుల్ మేడమ్ వైపు చూశాడు. మేడమ్ కాసేపు ఆలోచించి, అన్నీ అంటే అన్నీ అంది. గోనెసంచిలో వేస్తుంటే చప్పుడు వినబడింది.

అమ్మకి మామ చెప్పాడు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. పోలీసుల్ని తెచ్చింది ఎవరని. తనే తెచ్చానన్నాడు మామ. అమ్మ నమ్మలేదు. నా వైపు చూసింది.

డిసెంబర్ 25. బుధవారం

రైలు వెళ్లిన కూత వినబడింది. వాడు అందులో లేడు.

డిసెంబర్ 29. ఆదివారం

అమ్మ నాతో మాట్లాడటం లేదు. కంచం పెడుతుంది, పక్క వేస్తుంది.  నేను ఉన్న గదిలోంచి లేచి ఇంకో గదిలోకి వెళ్తుంది. పొలానికి వెళ్తుంటే వెనకే వెళ్తున్నాను. ఆవిడ ముందు, నేను వెనక. జీడితోట దగ్గర మాత్రం నడక తగ్గిస్తుంది. నా కోసమో, మోకాలి కోసమో తెలియదు.

జనవరి 3, 2025. శుక్రవారం

లక్ష్మణరావు గారిని పట్టుకున్నారు. కొండ కింద మైదాన ప్రాంతంలో ఎక్కడో గోడౌన్‌లో, సరుకుతో సహా, ఇంకో ఇద్దరితో. మా గుమ్మంలో నిలబడిన మనిషి ఆ ఇద్దరిలో లేడు. ఎస్.ఐ. మేడమ్ ఫోన్ చేసి చెప్పింది. పైన సరుకు తీసుకునే మనిషెవరో ఇంకా తెలియదట. కామేష్ చెప్పిన దాని వల్లే గోడౌన్ దొరికిందట. అయినా వాడు ఏ-4, నాలుగో ముద్దాయి. నేను సాక్షిని.

కొన్నాళ్లు తెలియని నంబర్లు ఎత్తొద్దంది. ఒక్కదాన్నీ తిరగొద్దంది. సంతోషించాలో ఏమో తెలియక థాంక్స్ మేడమ్ అన్నాను.

జనవరి 19. ఆదివారం

మొన్న జైల్లో ములాఖత్‌కి వెళ్లొచ్చాను. అమ్మ కూడా వచ్చింది. బస్సులో వేరే సీట్లో కూర్చుంది.

అమ్మ ముందు మాట్లాడింది. తర్వాత నా వంతు. జాలీ అవతల వాడు సన్నబడ్డాడు, కంటి వాపు తగ్గింది. ఏం చెప్పాలో వెతుక్కుంటుంటే వాడే అన్నాడు. "అమ్మని ఒక్కర్తినీ పొలానికి పంపకు." సరేనన్నాను.  టైం అయిపోయే దాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.

ఫిబ్రవరి 11. మంగళవారం

తెలియని నంబర్ నుంచి ఫోన్. ఎత్తకూడదని తెలిసీ ఎత్తాను. అవతల ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు.  వాళ్లే పెట్టేశారు.

ఫిబ్రవరి 23. ఆదివారం

ఇన్‌స్టాలో మెసేజ్. పల్నాడు నుంచి ఒక రైతు. తన ట్రాక్టర్ ఫోటోలు నాలుగు పక్కల నుంచీ తీసి పంపాడు. బానెట్ మీద కూతురి పేరు రాయించుకున్నాడు. 1:16లో కావాలట, పాప పుట్టినరోజుకట. మంచి ఫోటోలు. మడ్‌గార్డు సొట్ట కూడా వదలొద్దని గుర్తు పెట్టి మరీ పంపాడు. ఆ సొట్ట ఎలా కొట్టాలో చేతికి అప్పుడే తెలిసిపోయింది.

ఎక్కడికి పంపాలని అడగబోయి ఆగాను. నిజంగా రైతేనా? ఫోటోలు మళ్లీ మళ్లీ చూశాను. బ్లాక్ చేశాను. తర్వాత పేజీయే తీసేశాను.

మార్చి 28. శుక్రవారం

కామేష్‌కి బెయిల్ వచ్చింది. గాసి మామ జామీను ఉన్నాడు. కోర్టులో సంతకం పెట్టేటప్పుడు మామ చెయ్యి వణకలేదు.

ఇంటికొచ్చాడు. అమ్మ వాడికి తల మీద నీళ్లు పోసింది. మూడు నెలల్లో మొదటిసారి ఇంట్లో మాటలు వినబడ్డాయి. వాళ్లిద్దరివీ. నేను వంటింట్లో ఉన్నాను. వాడు నీళ్ల కోసం వచ్చి, నన్ను చూసి, గ్లాసు తీసుకుని వెళ్లిపోయాడు. వాడి చేతి గోళ్లు కొరుక్కుని కొరుక్కుని రక్తం గడ్డకట్టి ఉన్నాయి.

మార్చి 31. సోమవారం

ముగ్గురం ఉన్నాం ఇంట్లో. మూడు చోట్ల కూర్చుంటున్నాం.

ఏప్రిల్ 5. శనివారం

పొద్దున గేటు ముందు బైక్ ఆగింది. ఇంజిన్ ఆపలేదు. అమ్మ వంటింట్లోంచి, కామేష్ పెరట్లోంచి, నేను గదిలోంచి, ఒకేసారి నడవలోకి వచ్చి నిలబడిపోయాం. 

కరెంటు మీటర్ రీడింగ్ తీసే మనిషి.

అప్పుడు చూసుకున్నాను. అమ్మ నా కుడి చెయ్యి పట్టుకుని ఉంది. బిల్లు ఇచ్చి అతను వెళ్లిపోయాడు. బైక్ చప్పుడు మలుపు దాటింది. అమ్మ చెయ్యి వదల్లేదు.

ఎడమ చేత్తో ఇది రాస్తున్నాను.